పార్లరామె చెయ్యి

సుగుణా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మొటిమలు పోవాలని నీ కూతురు లలిత పట్టుబడితే పుంగనూరులో బ్యూటీ పార్లరుకు తీసుకుపోయినాను. ఆడా అదే మిషను ఉండాది. మదనపల్లెలో నీ చెంప కాల్చిన, ఊదారంగు వెలుగు వచ్చే గాజుగొట్టం. "చల్లటి కరెంటమ్మా, ఏమీ కాదు" అనే మాట కూడా అదే.

ఒకేచోట ఎక్కువసేపు పెడితే చర్మం కమిలిపోతుందని మిషను అమ్మేవాడు చెప్పడు. నీకు మచ్చపడినప్పుడు ఆ కోపంతోనే కదా కరపత్రం వేయించి కుప్పం దాకా పంచినాను! "ముందు మీ చేతి మీద పెట్టుకుని చూపించండని పార్లరువాళ్లను అడగండి" అని అందులో రాసినాను.

లలిత సరిగ్గా అదే అడిగింది. పార్లరామె చెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లటి మచ్చలు.

"ఇదేందమ్మా?" అన్నాను.

"వచ్చినోళ్లంతా నా చేతి మీదే చూపించమంటారన్నా. ఎవురో పుణ్యాత్ముడు కాగితాలు పంచినాడంట. నా చెయ్యి ఏమైతే ఏమి, వాళ్ల మొగాలు బాగుండాల గదా!"

లలిత నా వైపు చూసింది. "నాకొద్దు. పోదాం పా మామా" అనింది.

నీ చెంప చూసి రాసినాను సుగుణా. గొట్టం పట్టుకునే మనిషికీ చర్మం ఉంటుందని తట్టలేదు. మిషను అమ్మినవాడి ఒంటి మీద మాత్రం ఒక్క మచ్చా ఉండదు.

కొత్త కరపత్రం రాసినాను. "మిషను కొనే ముందు అమ్మేవాడి మొగం మీద పెట్టించండి." అచ్చుకిచ్చే ముందు ఎప్పుడూ నీకే చదివి వినిపించేవాణ్ణి. ఈసారి పార్లరామెకు చదవాల.

మీ అన్న