శ్రీశైలం తీసేసిన మాట

జూలై 8

మా ఆయన బతికే ఉన్నడు. ముందు ఇది రాసుకోవాలి.

పొద్దున మొయినాబాద్ బస్టాండు కాడ పేపర్ల కట్టలు విప్పుతూ పడిపోయిండు. గుండె. దవాఖానలో చేర్చి గంట కాలేదు, మా కనకమామిడి ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో... చుట్టూ పూలు, కింద 'పేపర్ అంజన్న ఇక లేరు'. ఇరవై ఏండ్లు ఇంటింటికీ వార్తలు మోసిన మనిషి. ఒక్క ఫోన్ చేసి కనుక్కునే ఓపిక ఎవ్వరికీ లేదు.

జూలై 8, సాయంత్రం

ఆయన ఫోన్ నా సంచిలో మోగుతూనే ఉన్నది. ఓం శాంతి, ఓం శాంతి. గ్రూపులో వాటి నడుమనే శ్రీశైలం మెసేజ్ — ఆయన తమ్ముడు. బాయికాడి పొలం చెప్పకుండా ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్మిండని గొడవై, ఆరేండ్లుగా మాట లేదు. ఒక్క అక్షరం పోకుండా ఈ డైరీలో ఎక్కిస్తున్న:

"అన్నా, తప్పు నాదే. బాయి అమ్మే ముందు నిన్ను అడగాల్సి ఉండె. నీ ముందల నిలబడే మొఖం లేక రాలే. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలె."

ఏడుపు ఆగలేదు. కండ్లు తెరవంగనే ఇది చూపించాలి.

'ఆయన బతికే ఉన్నడు, ఆ ఫొటో తీసెయ్యండి' అని గ్రూపులో పెట్టిన. దాని కింద కూడా ఎవరో ఓం శాంతి పెట్టిన్రు.

జూలై 9

ఫొటో తీసేసిన్రు. శ్రీశైలం మాటలు కూడా లేవు. పేరు ఉన్నది, కింద 'ఈ మెసేజ్ తీసేశారు' అని ఒక్క లైను.

చచ్చిన అన్నకు చెప్పిన మాట బతికున్న అన్నకు చెప్పలేడా?

నేను పెట్టింది చూసే తీసేసి ఉంటడు. స్క్రీన్‌షాట్ తియ్యడం నాకు రాక కాదు... ఆ ఘడియకు చేతికి పెన్నే వచ్చింది. గ్రూపులో నలుగురిని అడిగిన. "గన్ని ఓం శాంతిలల్ల ఎవరు చదివిన్రు వదినా?"

జూలై 10

శ్రీశైలం ఫోన్ ఎత్తడు. నాలుగుసార్లు చేసిన.

జూలై 11

కండ్లు తెరిచిండు. మొదటి మాట — "పేపర్లు ఎవరు ఏస్తున్నరు?" రెండోది — "మా తమ్ముడు వచ్చిండా?"

రేపే ఆపరేషన్. డాక్టర్ ఫికర్ వద్దంటడు, సంతకాలు మాత్రం మూడు కాగితాల మీద పెట్టించుకున్నడు.

భయం ఆగక ఈ డైరీ తీసి ఆ పేజీ చదివి వినిపించిన. కండ్లు మూసుకొని విన్నడు. తర్వాత అద్దాలు అడిగి, పేజీ దగ్గరికి పెట్టుకొని చూసిండు.

"ఇది నీ చేతిరాత గద."

"ఫోన్ల ఉండె. తీసేసిండు."

"నా పానం కుదుటపడాలని రాసినవ్. మంచిదే."

ఒట్టేసిన. ఫోన్ తెరిచి ఆ లైను చూపించిన. చూసి, గోడవైపు తిరిగిండు. అచ్చులో పడ్డదే నమ్మే మనిషి. నా మాట ఎట్ల నమ్ముతడు.

జూలై 12

ఏడింటికి తీసుకుపోతరట. ఆరు కావస్తున్నది. శ్రీశైలానికి వాయిస్ పంపిన — "నువ్వు రాకున్నా మంచిదే. ఆ నాలుగు మాటలు మళ్ల పంపు. మీ అన్న బతికుండంగ పంపు."

విన్నట్టు నీలం రంగు పడ్డది. అంతే.

ఆరుంబావు. నర్సు వచ్చింది. నేను దిండు కింద పెట్టిన తన ఫోన్ ఆయన ఎప్పుడు తీసుకున్నడో, ఛాతీ మీద పెట్టుకొని పట్టుకున్నడు. ఇచ్చెయ్యమంటున్నది.

"జర ఆగమ్మా" అంటుండు.