ఆకుపచ్చ చెంప

1914 ఫిబ్రవరి 3, ఫిలడెల్ఫియా

నాన్న బొమ్మ పూర్తయింది. పక్షవాతం వచ్చాక ఆయన కుడి చెయ్యి పడిపోయింది, నోరు కుడివైపు జారిపోయింది. సరిచేయకుండా ఉన్నది ఉన్నట్టే వేశాను. నుదురు నారింజ, చెంప ఆకుపచ్చ. పారిస్ వెళ్లొచ్చాక నాకు రంగులు ఇలాగే వస్తున్నాయి.

ఊళ్లో పెద్దమనుషులందరికీ పోర్ట్రెయిట్లు వేసిన మనిషి. తనది చూపించమని అడగలేదు. నేనూ చూపించలేదు.

ఫిబ్రవరి 9

న్యూయార్క్‌లో ఒక గ్యాలరీ నా బొమ్మలతో షో పెడతానంటోంది. నాన్న బొమ్మ ఉంటేనే. ముప్ఫై ఎనిమిదేళ్లకు మొదటి షో.

లూడీ అత్తకు చెప్పాను. జబ్బు పడ్డ అన్నగారిని కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషి. “తన ముఖం ఎవరూ చూడకూడదని గుమ్మం దాటడం మానేశాడే మీ నాన్న. నువ్వు దాన్ని గోడకి వేలాడదీస్తావుటే?” అంది.



ఫిబ్రవరి 10

నాన్నకు చెప్పలేకపోయాను.

ఫిబ్రవరి 14, ఉదయం

షో పోతే పోనీ అనుకుని కాన్వాసు ఆయన కుర్చీకి ఎదురుగా నిలబెట్టాను. చాలాసేపు చూశారు. న్యూయార్క్ గ్యాలరీ వాళ్లు షోకి దీన్నే అడుగుతున్నారని చెప్పాను.

“దవడ కింద నీడ బాగా పట్టావు,” అన్నారు. మాట ముద్దముద్దగా వస్తుంది ఇప్పుడు. “ఆకుపచ్చ ఎందుకూ?”

వెలుతురు అలా పడిందని చెప్పబోయి ఆగిపోయాను. మీరు భయపడుతున్నట్టు కనిపించారు నాన్నా, అన్నాను.

“భయపడ్డాను మరి. నేనెవరి భయాన్నీ వెయ్యలేదు. అందరినీ అందంగా చేసి పంపించాను.” గడ్డంతో బొమ్మను చూపించారు. “పంపించెయ్ అమ్మాయ్.”

వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. వద్దన్నాడా అంది అత్త. పంపమన్నారు అన్నాను. మరి ఏడుపెందుకని, తోమమని ఒక గిన్నె నా చేతిలో పెట్టింది.

మార్చి 3, న్యూయార్క్

షో మొదలై మూడు రోజులైంది. ఆ ముఖం ఉడికిన క్యాబేజీలా ఉందని పేపర్లో ఎవరో రాశారు. జనం అది చదివి మరీ వచ్చి నవ్వారు.

నాన్న కూడా వచ్చారు. రైల్లో అత్త ఆయన టోపీ ముఖం మీదకి లాగబోతే, ఎడమ చేత్తో పైకి నెట్టేశారు. బొమ్మ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నవ్వుతూ వచ్చినవాళ్లు ఆయన్ని చూసి, మళ్లీ బొమ్మను చూశారు. ఒకావిడ నెమ్మదిగా, ఇది మీరేనా అని అడిగింది.

“నేనే,” అన్నారు. “పోలిక కుదిరింది కదూ?”



మార్చి 8, ఇల్లు

నాన్న ఎడమ చేత్తో నా బొమ్మ వేశారు. ముక్కు ఊదా రంగు.