పీరయ్య చేతికి బదులు ఫీడర్

2018 జనవరి 14, ఆదివారం

ముదీర్, అంటే మా మేనేజరు, పొద్దున్నే తన ఆఫీసు మక్తబ్‌కు పిలిచి కూర్చోమన్నాడు. పన్నెండేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాల్సింది.

బయటి దేశాల పనివాళ్లకి ఒక్కో తలకీ సర్కారుకు కొత్త లెవీ కట్టాలట. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, ఒప్పుకోవడం లేదట. మా వర్క్‌షాపులో ఒక తల తగ్గాలట. తల అనే అన్నాడు, మేకల సంతలో బేరగాడిలా. తర్వాత టేబుల్ మీద ఒక అట్టపెట్టె పెట్టాడు. ఆటోమేటిక్ కేస్ ఫీడర్. డీలర్ ట్రయల్‌కి ఇచ్చాడట. అది మన ప్రెస్‌కు సూట్ అవుతుందో లేదో నన్నే తేల్చమన్నాడు. నేను అవునంటే కొంటారు, కాదంటే తిప్పి పంపేస్తారు.

ఈ షూటింగ్ క్లబ్‌లో మెంబర్లు కాల్చి పారేసిన ఇత్తడి కేసులన్నీ మా గదికే వస్తాయి. కడిగి, ప్రెస్ మీద మళ్లీ తూటాలు చేస్తాం. నాతో పనిచేసే పీరయ్య ప్రెస్‌కు ఎడమవైపు కూర్చుని ఒక్కో ఖాళీ కేసు ప్లేటులో పెడతాడు. నేను కుడిచేత్తో హ్యాండిల్ లాగుతాను. ఫీడర్ బిగిస్తే కేసులు పైన డబ్బాలోంచి గొట్టంలోకి జారి వాటంతటవే ప్లేటులో పడతాయి. ఫీడర్ అంటే ఇంకేం లేదు, పీరయ్య చేయి.

అంటే గొడ్డలి నా చేతికిచ్చి కొమ్మ చూపించాడు. థూ.

జనవరి 15

పీరయ్యకు చెప్పేశాను. దాచితే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

అట్టపెట్టె మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత గీ డబ్బా తన పొట్ట గొట్టనీకె వచ్చిందా అని అడిగాడు. తన చేతుల్ల ఏమున్నదో చూడమన్నాడు. మెట్‌పల్లి దగ్గర వీడు నాలుగు బోర్లు వేస్తే నాలుగింటిలోనూ దుమ్మే లేచింది. ఇంకో రెండేండ్లుంటే చాలు లాల్ భాయ్ అంటాడు. ఆ మాట ఏడేళ్ల నుంచీ అంటున్నాడు. నాకు మాత్రం తక్కువా? మా అబ్బాయి సమీర్ పాలిటెక్నిక్ రెండో ఏడులో ఉన్నాడు. వాడి చేతికి డిప్లొమా వచ్చేదాకా నేనూ కదలడానికి లేదు.

ఫీడర్ పనికిరాదని చెప్తానని మాటిచ్చాను.

జనవరి 18, గురువారం

ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ కార్డు, దాని రెన్యూవల్ మెడికల్ కోసం పీరయ్యనీ నన్నూ క్లినిక్‌కు తీసుకెళ్లారు. అక్కడి క్లర్కు మా కార్డులు చూసి ప్రొఫెషన్ పైకి చదివాడు. పీరయ్య మెకానికల్ టెక్నీషియన్ అట. నేను ఆమిల్, అంటే బరువులెత్తే కూలీని.

నవ్వలేక చచ్చాం. ఐటీఐ ఫిట్టర్‌ని నేను. వీడికి స్పానర్ ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. బొంబాయి ఏజెంటు దగ్గర ఆ రోజు ఏ వీసాలుంటే అవి పంచాడు, మేం కళ్లకద్దుకుని తీసుకున్నాం. ఈ దేశంలో కార్డులో రాసిన పని చేసేవాడు ఒక్కడున్నాడా? మా క్యాంపు వంటవాడి కార్డులో టైల్స్ మేస్త్రీ అని ఉంది. పప్పు కూడా అలాగే ఉంటుంది.

దారంతా వీణ్ణి ఇంజినీర్ సాబ్ అని ఏడిపించాను. పీర్ల పండుగనాడు పుట్టాడని పీరయ్య అని పేరు పెట్టారట, ఆ పీరే తనని ఇంజినీర్ చేసిండు అన్నాడు.

జనవరి 21

ఫీడర్ బిగించాను. ఒట్టి దరిద్రం. పది కేసులు సరిగ్గా పడితే పదకొండోది అడ్డం తిరుగుతుంది. మా బకెట్లో అన్ని రకాల కేసులూ కలిసిపోయి ఉంటాయి. పొట్టి పిస్టల్ కేసులు మామూలువాటిలాగే కనబడి గొట్టంలో పడుకుంటాయి. పీరయ్య వాటిని ఏరి ఒక నీడో పాలపొడి డబ్బాలో వేస్తుంటాడు. ఈ ఫీడర్‌కు ఏరడం రాదు.

అబద్ధం చెప్పే అవసరం కూడా లేదు. నిజంగానే సూట్ కాదు. బుధవారం ముదీర్ ముందు నడిపి చూపించి, తిప్పి పంపేయమంటాను. పీరయ్య కోడికూర వండాడు.

జనవరి 24, బుధవారం

ఒళ్లు మండిపోతోంది.

ముదీర్ ఒక్కడే వస్తాడనుకుంటే కఫీల్ కొడుకును కూడా వెంటేసుకొచ్చాడు. పైన పోసే కేసుల్ని మేమిద్దరం నిన్న రెండుసార్లు ఏరి పెట్టాం. ముందు ఏరిన కేసులతో సాఫీగా నడిపి, తర్వాత ఏరనివి పోస్తే ఇరుక్కుంటుందని చూపిద్దామని నా లెక్క. లేకపోతే నా సెట్టింగు తప్పంటారేమో, ఆ మాట పడకూడదు కదా. మొదటి లాగుడికే ఇరుక్కుంది. తీశాను. మళ్లీ ఇరుక్కుంది. మూడోసారి గొట్టమే ఊడి, కేసులన్నీ కఫీల్ కొడుకు తెల్లటి పొడుగంగీ, థోబ్ మీద పడ్డాయి.

అతను నవ్వాడు. ముదీర్ మాత్రం అందరి ముందూ, బాంగ్లా క్లీనర్ల ముందూ, నువ్వేం టెక్నీషియన్‌వి, నీకంటే గాడిద నయం అన్నాడు. ఆదివారం దాకా టైమిస్తాడట. అప్పటికీ నాకు దాన్ని నడపడం రాకపోతే ఆ పని వచ్చినవాణ్ణి తెచ్చుకుంటాడట. పన్నెండేళ్లు ఆ ప్రెస్‌ను బిడ్డలా చూసుకున్నందుకు నాకు గాడిద అని బిరుదు.

సాయంత్రం 5

గొట్టం విప్పితే మూడు పొట్టి కేసులు. రెండుసార్లు ఏరిన బకెట్లోకి అవెలా వచ్చాయి?

నీడో డబ్బా తీసి పీరయ్య ముందు పెట్టాను. మూత తీసి మళ్లీ పెట్టాడు. తర్వాత అవును తనే ఏసిండట. ఆ మిషిన్ నడిస్తే తన బతుకు ఆగుతదట. నువ్వు మెత్తటోనివి, ముదీర్ గట్టిగా అడిగితే సరే అంటవని బుగులైందట, గందుకే ఏసిండట.

మాటిచ్చాను కదరా నీకు! నా మాట మీద నమ్మకం లేక నన్ను గాడిదను చేశాడు. నమ్మితే ప్రాణమిస్తా, నమ్మకపోతే చూడండి ఏం చేస్తానో.

జనవరి 25

వాడితో మాట్లాడలేదు. అన్నం వేరే వండుకున్నాను.

జనవరి 27, శనివారం

సెలవు రోజైనా వర్క్‌షాపుకు వెళ్లాను. ఎవడో చెప్పాడని కాదు. నాకు రాదని అన్నారు కాబట్టి.

గొట్టం కింది భాగంలో ఒక పక్క చిన్న కిటికీలా కోశాను. పెప్సీ టిన్ను రేకు కత్తిరించి దానికి మెట్టులా అతికించాను. సరైన పొడుగున్న కేసు ఆ కిటికీని దాటి పోతుంది. పొట్టిది తూలి బయటికి పడిపోతుంది. మధ్యాహ్నానికి కావాలనే నీడో డబ్బా మొత్తం పైన కలిపి పోసి లాగాను. ఒక్కటంటే ఒక్కటి ఇరుక్కోలేదు. పొట్టివన్నీ పక్కనున్న పళ్లెంలో టకటక రాలాయి. ఆ చప్పుడుకు నవ్వొచ్చింది నాకు. గది ఖాళీ. గట్టిగానే నవ్వాను.

ఇది ఫీడర్ చేసిన కంపెనీవాడికి కూడా తోచని పని. లాల్ అహ్మద్ చేశాడు, ప్రొద్దుటూరు ఐటీఐ.

జనవరి 28, ఆదివారం

ముదీర్ వచ్చాడు. లాగి చూపించాను. బకెట్టు ఖాళీ అయ్యేదాకా ఫీడర్ ఆగలేదు. ముదీర్ భుజం తట్టి, సూట్ అవుతుందా అని అడిగాడు.

అవుతుంది అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. పని బాగా కుదిరినప్పుడు నోటికి వచ్చేసే మాట. తల తిప్పితే గుమ్మంలో పీరయ్య. చేతిలో టీ గ్లాసులు. రెండు.

జనవరి 29

వాడు చేసుకున్నదే. పొట్టి కేసులు వేయకుండా ఉంటే నేను గొట్టం కోసేవాణ్ణా? నా తప్పేముంది?

ఆ టీ తాగలేదు. తాగాల్సింది.

ఫిబ్రవరి 6, మంగళవారం

వీసా రద్దు చేసి ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితం వచ్చింది. నా పేరు మీద.

పొరపాటేమోనని మక్తబ్‌కు పరుగెత్తాను. ముదీర్ కంప్యూటర్ తిప్పి చూపించాడు. ఫీడర్ వచ్చాక వర్క్‌షాపులో కూలీ పోస్టు ఎత్తేశారట. రికార్డులో కూలీ ఎవరు? నేను. మిషను ఉన్నచోట టెక్నీషియన్ ఉండాలి, టెక్నీషియన్ ఎవరు? పీరయ్య. కఫీల్ సంతకం అయిపోయిందట. కార్డులో ప్రొఫెషన్ మార్పు ఇప్పుడు బంద్ అట. ముదీర్ కూడా బాధపడుతున్నాడట, సిస్టమ్‌లో అలా ఉంది, ఏం చేస్తాం అట. హ్యాండిల్ లాగింది నేనని ఆయనకు తెలీదా? ఆ ఆదివారం భుజం తట్టిన చెయ్యే కదా!

పన్నెండేళ్లు ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరిగాను. మొన్న క్లినిక్‌లో దాన్ని చూసి నవ్వాను కూడా. కొమ్మ నరకమంటే నేను కూర్చున్న కొమ్మనే నరికాను, అదీ నున్నగా, పనితనం చూపించి.

ఫిబ్రవరి 7

పీరయ్య ముదీర్ దగ్గరికి వెళ్లాడట. తనకు ఆ మిషిన్ తెల్వదు, తననే పంపుమని చెప్పిండట. ముదీర్ నవ్వి, టెక్నీషియన్‌వి నీకు తెలియకపోవడమేంటి అన్నాడట. ఇది నాతో చెప్తూ ఏడ్చాడు. నాకు జాలి రాలేదు. కొట్టాలనిపించింది. ఎవర్నో తెలీదు.

ఫిబ్రవరి 11

ఫీడర్ విప్పడం, బిగించడం నేర్పమని బతిమాలుతున్నాడు. నేర్పను.

ఫిబ్రవరి 14

నేర్పను.

ఫిబ్రవరి 22, గురువారం

ఎయిర్‌పోర్టుకు కంపెనీ బండి. పీరయ్య సెలవు పెట్టి వచ్చాడు. బ్యాగులన్నీ తనే మోశాడు. కూలీని నేనైతే, టెక్నీషియన్ సాబ్ ఎందుకు మోస్తున్నాడని అడిగాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

లోపలికి వెళ్లేముందు తప్పైంది లాల్ భాయ్ అన్నాడు. తన చేతిలోంచి బ్యాగు తీసుకున్నాను. తప్పు లేదని అనడానికి నోరు రాలేదు, ఉందని అంటే సగం నాదే.

మార్చి 19, ప్రొద్దుటూరు

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు పీరయ్య ఫోన్. ఫీడర్ ఇరుక్కుందట. ముదీర్ నెత్తి మీద నిలబడి టెక్నీషియన్‌వి కాదా అని అరుస్తున్నాడట, ఇవ్వాళ నడవకపోతే తననీ ఎల్లగొడతడట. ముందు నోటికొచ్చినట్లు తిట్టాను. వాడినీ, వాడి పీరునూ. తర్వాత గొట్టం కింద ఎడమవైపు స్క్రూ వదులు చేయమన్నాను. రేకు వంగిందేమో చూడమన్నాను. ఇప్పుడు మెల్లగా లాగు అన్నాను. అవతల టకటక మొదలైంది.

నా భార్య రోషన్ బీ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నా ఎంగిలి చెయ్యి గాల్లోకి లేచి హ్యాండిల్ లాగుతోంది.