బాకా ఊదని కావలివాడు

ధర్మవరం దగ్గరి పేట,
సోమవారం.

ప్రేమగల అక్కకు తమ్ముడు రత్నం వందనాలు. పెనుకొండలో నువ్వూ, బావా, పిల్లలూ ప్రభువు కాపుదలలో ఉన్నారని నమ్ముతున్నాను. అవ్వకు దగ్గు తగ్గిందా? నా ఒంటికి ఏమీ కాలేదు. నువ్వు కంగారుపడతావని ముందే ఈ మాట రాస్తున్నాను.

నేను ఇక్కడి సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశిగా వచ్చి ఐదు నెలలైంది. సంగటి నేనే కెలుక్కుంటున్నాను, ఇంకా ఉండలు కడుతూనే ఉంది. సాయంత్రమైతే పలకరించేవాళ్లుండరు. నాకు గది ఇచ్చింది సంఘపెద్ద పాలయ్య. రెడ్డి తోటలో బావి తవ్వే మేస్త్రీ ఆయనే. పేటలో సగం మంది ఆ పనికే పోతారు.

మూడు వారాల కిందట వాన వెలిశాక ఆ బావి చూశాను. పడమటి గట్టు నిలువునా నెర్రె విచ్చింది. ఆ ఆదివారం యిర్మీయా ప్రవక్త సంగతి చదివాను. దేవుని మీద తిరగబడిన రాజుకు ప్రవక్త హెచ్చరిక రాసి పంపితే, ఆ రాజు దాన్ని ముక్కలుగా కోసి నిప్పుల్లో వేశాడు. చివరికి పట్నమే కాలిపోయింది. నేను బావి పేరెత్తలేదు. అయినా పాలయ్య నన్ను వాకిట్లో నిలబెట్టాడు.

“ఏమప్పా, ఆ రాజు నేనేనా?”

“కాదన్నా, ప్రవక్త మాట చదివినా, అంతే.”

“జనాలు బెదరతాండారు. ఆదరణ మాటలు చదువు. ఈడ ఉండల్లంటే అట్లుండు.”

గది పోతుందని భయపడ్డాను అక్కా. మరుసటి ఆదివారం ఆదరణ మాటలే చదివాను. ఆరాధన అయ్యాక, ఆ బావిలో మన్ను మోసే శాంతమ్మ వచ్చింది.

“అయ్యా, గట్టు రాలతాండాది. దిగేదానికి భయమైతాండాది. పోవల్నా, వద్దా?”

“దేవుడుండాడు, పోమ్మా,” అన్నాను.

మంగళవారం గట్టు కూలింది. శాంతమ్మా, పాలయ్య సొంత తమ్ముడూ అడుగున పడ్డారు. చేతులతో తవ్వాం. ముందు ఆమె గాజులు కనబడ్డాయి.

సమాధి దగ్గర నన్నే చదవమన్నారు. యెహెజ్కేలు ప్రవక్తకు దేవుడు చెప్పిన మాట తీశాను. శత్రువు కత్తి రావడం చూసి కూడా కావలివాడు బాకా ఊదకపోతే, చచ్చినవాళ్ల రక్తానికి వాడే జవాబు చెప్పాలి. పుస్తకం మూసి, “నెర్రె నేను చూసినా. ఆ బిడ్డ అడిగితే పొమ్మన్నా,” అని అందరికీ చెప్పేశాను. పాలయ్య తన తమ్ముడి సమాధి మట్టి మీద కూలబడ్డాడు. శాంతమ్మ తల్లి ఏడవలేదు.

“ఇప్పుడొచ్చిందా నాయనా నీకు నోరు?” అంది.

ఆ రాజులా తిరగబడింది పాలయ్యేనని అనుకున్నాను. నన్ను పంపిన దేవుని మాట మింగింది నేను.

గది ఖాళీ చేసి బడి వసారాలో ఉంటున్నాను. బావ పాత కంబళి ఉంటే ఎవరితోనైనా పంపు. ఈ ఉదయం కూలీలు మళ్లీ బావికి బయలుదేరితే దారికి అడ్డం నిలబడి, “గట్టుకు రాయి కట్టేదాకా ఎవురూ దిగొద్దండి,” అని అరిచాను. ఇద్దరు వెనక్కి తిరిగారు. మిగిలినవాళ్లు నన్ను తప్పించుకుని పోయారు. రేపూ నిలబడతాను.

బావకూ, అవ్వకూ నా వందనాలు చెప్పు. మోకాళ్లూనినప్పుడు నా పేరుకన్నా ముందు శాంతమ్మ తల్లిని తలుచుకో.

నీ దీవెన కోరే తమ్ముడు,
రత్నం