తాడిపత్రి ఎండకు కెనడా ఆయిల్

కనాటా, కెనడా,
ఏప్రిల్ నెల, ఆదివారం మధ్యాహ్నం.

నాన్నకు నమస్కారాలతో శైలజ రాస్తున్నది.

ఇక్కడ నేనూ, నీ అల్లుడు కిరణ్ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వు, అమ్మ, నానమ్మ, చెల్లి సుధ అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? డాక్టరు ఇచ్చిన నూనె నిజంగా రాసుకుంటోందా, లేక రాసుకున్నానని ఫోన్లో నాకు చెప్పి ఊరుకుంటోందా? ఎండలు అప్పుడే ముదిరాయట కదా. మధ్యాహ్నం పూట ఫ్యాక్టరీలో బండలు కోసే మిషన్ పక్కన నిలబడొద్దు. నిలబడతావని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఫోన్ చేయకుండా ఈ కాగితాలేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నేను నోరు తెరిచేలోపే "సరే పాపా, బండల లారీ వచ్చింది, పెట్టేస్తాండా" అంటావు. ఈసారి నీకు ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. రాసి, ఫొటోలు తీసి అమ్మ ఫోన్‌కి పంపుతున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కడివే కూర్చుని చివరిదాకా చదువు. మధ్యలో నీకు కోపం వస్తుంది. వచ్చినా చదువు.

ముందు మా సంగతులు. మంచు కరగడం మొదలైంది. పార్కింగులో చలికాలమంతా తోసి పోసిన మంచుగుట్ట మాత్రం ఇంకా అట్లాగే ఉంది, నల్లగా మసిపట్టి. మన ఫ్యాక్టరీ వెనక పోసిన బండల పొడి కుప్ప గుర్తొస్తుంది దాన్ని చూస్తే. నా ఉద్యోగం బాగుంది. ల్యాబ్‌లో టెలికం మిషన్లను మరీ చల్లటి పెట్టెలో, మరీ వేడి పెట్టెలో పెట్టి ఎప్పుడు చెడిపోతాయో చూడటం నా పని. చెడగొట్టినందుకు జీతం ఇస్తున్నారని కిరణ్ ఏడిపిస్తాడు. అతను ఈ వారమంతా పని మీద వాంకూవర్‌లో ఉన్నాడు. పీఆర్‌కి, అదే ఇక్కడ స్థిరపడే అనుమతికి, అప్లై చేశాం, ఇంకా ఏమీ తేలలేదు. మేం బాగానే ఉన్నాం, నువ్వేమీ దిగులు పెట్టుకోకు.

తిండికి లోటు లేదు. గోంగూర ఫ్రీజర్ ప్యాకెట్లలో దొరుకుతుంది, పులుపు మాత్రం రాదు. నిన్న ఉగ్గాని చేసుకున్నాను. బొరుగులు నానబెట్టగానే ముద్దయిపోయాయి. ఒక్కదాన్నే కూర్చుని ఆ ముద్దే తిన్నాను, కొంచెం ఏడుపొచ్చింది కూడా. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మను చెనిక్కాయల పొడి పంపమని చెప్పు. ఏడ్చానని మాత్రం చెప్పకు. నిజంగా బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సుధ కారును అమ్మేయడానికి హైదరాబాద్ నుంచి మనిషిని రమ్మన్నావట. అమ్మ చెప్పింది. పోయిన మే పోటీలో ఇంజన్ పట్టేసి బండి ఆగిపోయినప్పటి నుంచీ, ఏడాదిగా తాళం నీ బీరువాలోనే ఉందనీ, నువ్వే దగ్గరుండి ఇంజన్ మళ్ళీ చేయించి కూడా దాని చేతికి ఇవ్వలేదనీ నాకు తెలుసు. వచ్చే నెల చెన్నై దగ్గర ట్రాక్‌లో సుధ మళ్ళీ పోటీకి పేరు ఇచ్చింది. ఈసారి బాగా తోలితే తన టీమ్‌లోకి తీసుకుంటానని అక్కడొకాయన మాట ఇచ్చాడు. నువ్వు కారు అమ్మేస్తే ఆ మాట అక్కడితో ముగిసిపోతుంది. అందుకే అడుగుతున్నాను: ఇది చదవడం అయ్యేదాకా ఆ హైదరాబాద్ మనిషికి ఫోన్ చేయొద్దు. చదివాక ఏం చేస్తావో నీ ఇష్టం. నా ఇష్టం కూడా ఏమిటో రాస్తాను, చూడు.

మా వీధి చివర మూర్తి అంకుల్ అని ఉన్నారు. కాకినాడ ఆయన, ఇక్కడే టెలికంలో పనిచేసి రిటైర్ అయ్యారు. వాళ్ళ గ్యారేజీలో ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది. చలికాలమంతా దాని మీద దుప్పటి కప్పి, బ్యాటరీ ఊడదీసి పెడతారు. ఏప్రిల్‌లో లేపుతారు. "ఆర్నెల్లు అది నిద్రపోతుంది, మిగతా ఆర్నెల్లు ఈయన్ని నిద్రపోనివ్వదు" అంటుంది ఆంటీ. పోయిన శనివారం దాన్ని లేపుతుంటే సాయానికి వెళ్ళాను. దుప్పటి తీస్తే ఏముంది, అచ్చం మన సుధ కారే! అదే కంపెనీ, అదే మోడల్. ఒక్క క్షణం మన షెడ్డులో నిలబడ్డట్టే అనిపించింది నాన్నా.

అంకుల్ ఆయిల్ మార్చడానికి డబ్బా తెచ్చి పెట్టుకున్నారు. దాని మీద 0W-20 అని రాసి ఉంది. ఈ అంకెలేమిటి అంకుల్ అని అడిగాను.

"మొదటిది చలికమ్మా. పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ ఎంత తొందరగా పారుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువుంటే చలికి అంత మంచిది. రెండోది ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. ఈ దేశానికి బుక్కులో ఇదే రాశారు. నేనేమో సాయంత్రం పూట నెమ్మదిగా తిప్పుకుంటాను, నాకిది చాలు" అన్నారు.

"మరి మా తాడిపత్రి ఎండకి, మా చెల్లి ట్రాక్ మీద తోలడానికి?"

"తాడిపత్రా! మే నెల్లో ఇది పోసుకుని ట్రాక్ మీద తోలితే ఇంకేమన్నా ఉందా అమ్మా? నీళ్ళయిపోదూ!"

ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం పోయిన మే గుర్తొచ్చి నవ్వు రాలేదు. నా మొహం చూసి ఆయన కూడా నవ్వు ఆపేశారు. ఇద్దరం కూర్చుని ఫోన్లో ఈ కారుకే వేడి దేశాల కోసం వేసిన పుస్తకం వెతికి చూశాం. అదే ఇంజన్, అందులో మాత్రం 5W-40 అని ఉంది.

ఇది నీకు కొత్త సంగతేమీ కాదు నాన్నా. నీ లారీలకు నలభై నంబరు ఆయిలే పోయిస్తావు కదా. పల్చటి ఆయిల్ పోసిన డ్రైవరును నువ్వు ఎట్లా తిడతావో చిన్నప్పుడు నేను విన్నాను. ఇంజన్లో ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో ఉండేది ఆ ఆయిల్ పొరే కదా. ల్యాబ్‌లో రోజూ వేడి పెట్టెల ముందు నిలబడేదాన్ని, నాకూ అది అర్థమవుతుంది. బయట మన ఎండ, లోపల ట్రాక్ మీద వేగం, అన్నీ కలిసి ఆయిల్‌ను కాచేస్తే ఆ పొర నిలవదు. ప్రెషర్ పడిపోతుంది. బేరింగులు అరిగిపోతాయి. పోయిన మేలో సుధ ఇంజన్ పట్టేసింది అందుకే.

ఇక్కడ నీకు కోపం వస్తుందని ముందే రాశాను కదా. ఆ ఆయిల్ ఎక్కడిదో నీకు తెలుసు. నీ స్నేహితుడి కొడుకు తన చెల్లెలి పెళ్ళికి వచ్చినప్పుడు టొరంటో నుంచి సామానులో ఎట్లా తెచ్చాడో తెచ్చాడు, నీకు కానుకగా ఇచ్చాడు. "ఫారిన్ బండికి ఫారిన్ ఆయిలే పడాల" అని నువ్వు ఊరంతా చెప్పుకున్నావు. డబ్బా ఖాళీ అయినా పారేయడానికి మనసొప్పక ఆఫీసు అలమరలో పెట్టుకున్నావు. వీడియో కాల్‌లో ఎప్పుడూ నీ తల వెనకే కనిపించేది. మొన్న అమ్మ చేత దాన్ని తిప్పించి ఫొటో తీయించాను. 0W-20 నాన్నా. నీ లారీకైతే నువ్వు కలలో కూడా పోయని ఆయిల్‌ను, కెనడాది అన్న ఒక్క మాటకు కూతురి కారులో పోశావు.

తిట్టడానికి రాయడం లేదు. ఫారిన్ సరుకంటే మనందరికీ ఆ పిచ్చి ఉంది. ఇక్కడికొచ్చాక నాకే దాని సంగతి తెలిసింది. ఈ దేశంలో మంచిది ఈ దేశపు చలికి మంచిది, అంతే.

అట్లాగని రేపు లారీ ఆయిల్ డబ్బా మోసుకొచ్చి దాన్లో పోసేవు! నిన్ను నేను ఎరుగుదును. మరీ చిక్కనిదీ దీనికి పడదట, దీని లోపలి సందులు సన్నవి, స్టార్ట్ చేయగానే ఆయిల్ అన్ని మూలలకూ చేరాలి. పుస్తకంలో ఆ పేజీ ఫొటో కూడా పంపుతున్నాను. ఫుల్ సింథటిక్, 5W-40. నంబరు ఒక్కటే చూసి కొనొద్దు, డబ్బా వెనక కారు కంపెనీ ఒప్పుకున్న కోడ్ ఉంటుంది, పేజీలో ఉన్నదీ అదీ ఒకటేనా అని చూడు. అనంతపురంలో కంపెనీ డీలరు దగ్గరే, సీలు ఉన్నదే తీసుకో. తెలిసినవాడని బస్టాండు పక్క షాపులో కొనొద్దు, నకిలీవి ఎక్కువట. ఇంకా చిక్కటిది పోయొచ్చని సుధకు ఎవరైనా సలహా ఇస్తే, పుస్తకం ఒప్పుకుంటేనే పోయాలి. బాగా తోలాక వెంటనే ఇంజన్ ఆపేయకూడదు, కాసేపు నెమ్మదిగా తిప్పి వేడి దిగనివ్వాలి. ఆపాక కొంచెం ఆగి, కొలకడ్డీ తీసి ఆయిల్ ఎంత ఉందో చూడాలి. పోటీ అయిపోయాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని లెక్క చూడకుండా మార్చేయాలి. అది నువ్వు సుధ కన్నా బాగా చూస్తావని నాకు నమ్మకం.

ఇప్పుడు నువ్వు ఒక మాట అంటావు. ఆయిల్ సంగతి సరేగాని, దానికి స్పీడు పిచ్చి, దాని చేతిలో ఏ బండీ నిలవదు అని. పోయిన ఏడాది చిన్నాన్న వాళ్ళ ముందే అన్నావు, "బండి మీద ప్రేమ లేదు దీనికి" అని. అది తల దించుకుని నిలబడింది, ఒక్క మాట అనలేదు. తప్పు చేసింది కాబట్టే నోరెత్తలేదని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

అమ్మ పంపిన ఆ డబ్బా ఫొటో చూడగానే దానికి ఫోన్ చేశాను. ఆయిల్ సంగతంతా గబగబా చెప్పేసి, "నీ తప్పు కాదే సుధా!" అని అరిచాను. అది ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"నాకు తెలుసు కదక్కా" అంది.

"ఎప్పట్నించే?"

"తోలేటప్పుడే ప్రెషర్ సూది పడిపోతాంటే చూసినా. బండి పక్కకు తీసేలోపే పట్టేసింది. తర్వాత ఇంజన్ విప్పినాక బేరింగులు చూసినా, డబ్బా మీద నంబరు చూసినా. అప్పుడే అర్థమయింది."

"మరి నాన్నకు చెప్పలేదేమే? ఏడాది పాటు అందరి చేతా మాటలు పడ్డావు కదే!"

"ఎట్ల చెప్పేదక్కా? నా బిడ్డ బండికి నేనే పోస్తానని, ఎవర్నీ ముట్టుకోనీకుండా పోసినాడు నాన్న. నన్ను అంటే అన్నాడులే. తన చేత్తోనే పాడయిందని తెలిస్తే మళ్ళా బండి ముట్టుకుంటాడా?"

నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నేను వేశాను. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. దానికి నా మీద కోపం వస్తే రానీ, నేను పడతాను. ఏడాది పాటు నీ తప్పును కడుపులో దాచుకున్న పిల్ల నాన్నా అది. దానికి ప్రేమ లేదని ఇంకెవరి ముందూ అనకు. బీరువా తాళం తీయి. ఆ హైదరాబాద్ మనిషికి కారు అమ్మడం లేదని చెప్పేయి. చిన్నాన్న వాళ్ళకు నిజం నువ్వే చెప్తావో, నన్ను చెప్పమంటావో ఆలోచించుకో. నువ్వే చెబితే బాగుంటుంది. ఈ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.

అమ్మకు, నానమ్మకు నా నమస్కారాలు. చిన్నాన్నను, పిన్నిని అడిగినట్టు చెప్పు. మా ఇద్దరినీ దీవించు, సుధను ఇంకొంచెం ఎక్కువగా దీవించు.

ఫోన్ పెట్టేసే ముందు, ఈసారి ఆయిల్ ఎవరి చేత పోయించుకుంటావే అని దాన్ని అడిగాను. "ఇంకెవురక్కా, నాన్నే పొయ్యాల" అంది.

నీ పెద్ద కూతురు,
శైలజ