ఆ కొండకి ఒక్కరినే పంపరు

శ్రీనూ,

నిన్నే ఫార్మింగ్టన్ హిల్స్ ఇంటికొచ్చాను. ఫ్రిజ్ మీద నువ్వు అతికించిన ఫోటోలోని గుడి చూసొచ్చాను. జపాన్‌లో, నిలువు కొండ రాతిలో ఇరికించి కట్టిన ఆ పాత చెక్క గుడి. "గ్రీన్‌కార్డ్ రానీ, వెళ్దాం" అనేవాడివి. నువ్వు పోయిన రెండేళ్లకి వచ్చింది, నా ఒక్కదానికే.

గుడి కదా అని కింద గేటు దగ్గరే షూస్ విప్పేశాను. అక్కడి పెద్దాయన నవ్వి, మళ్లీ వేసుకోమన్నాడు. ఎక్కేటప్పుడు జారకుండా ఉంటాయో లేదో షూస్ అడుగుభాగం తిప్పి చూశాడు. "ఎంతమంది?" అని ఇంగ్లీష్‌లో అడిగితే అలవాటుగా రెండు వేళ్లు చూపించాను. రెండోవాళ్ల కోసం ఆయన నా వెనక వెతికాడు.

ఒక్కరినే పంపరట, జారిపడితే పట్టుకోడానికి మనిషుండాలట. అరగంట కూర్చున్నాక, ఒంటరిగా వచ్చిన ఒక ముసలావిడని నాకు జత చేసి, మా ఇద్దరి పేర్లూ పుస్తకంలో రాసుకున్నారు. గొలుసు పట్టుకుని ఎక్కేచోట నా కాలు జారబోతే, ఆవిడ కింద నుంచి నా మడమ గట్టిగా పట్టుకుంది. తీరా పైకెళ్తే గుడిలోకి రానివ్వరు, ఎదురుగా నిలబడి చూడాలంతే. "దీనికా ఇంత దూరం?" అని నువ్వుంటే గొణిగేవాడివి, గొణుగుతూనే వంద ఫోటోలు తీసేవాడివి.

కిందికి దిగాక పెద్దాయన మా రెండు పేర్ల పక్కన టిక్కులు పెట్టి, "అందరూ వచ్చేశారు" అని పుస్తకం మూసేశాడు.

ఫోటోలు తీసుకుంటూ నువ్వెప్పుడూ అందరికన్నా ఆఖర్న దిగేవాడివి కదా. నేను ఇంకాసేపు ఆ గేటు దగ్గరే నిలబడ్డాను.