బావకు చాలని వెలుతురు

హాంబర్గ్,
ఆదివారం

మా లలితక్కకు,

చెల్లెలు సరిత దండాలు పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, చిన్ని ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మొన్న దవాఖానకు వెళ్లొచ్చాం. కడుపులో బిడ్డ బాగా కదులుతోందని డాక్టరమ్మ చెప్పింది. నా గురించి ఫికర్ పెట్టుకోకు.

చలి ముదిరింది. మధ్యాహ్నం చాయ్ తాగేసరికే బయట చీకటి పడుతోంది. అన్నం సయించడం లేదు. చింతకాయ తొక్కు కలుపుకుంటేనే నాలుగు ముద్దలు దిగుతున్నాయి. ఫోన్‌లో మాట్లాడదామంటే బావ నీ పక్కనే ఉంటాడు. అందుకే రాస్తున్నాను.

అమ్మ పోయాక నాకు తల్లివి నువ్వే. కాన్పుకు మీరు వస్తారని ఎంత ఆశపడ్డానో నీకు తెలుసు. బొగ్గు బాయిలో బండ కూలి, ఆ ఇరుకులో చిక్కుకుని బావ బయటపడ్డప్పటి నుంచి ఆ ఆశ సగమైంది. దెబ్బలు మానాయి గానీ తలుపు వేసిన గదిలో కూర్చోలేకపోతున్నాడు. అయినా నా కోసమని వీసా పనికి హైదరాబాద్ దాకా వెళ్లాడు. ఆ రోజు బావ వినకుండా నువ్వు ఫోన్‌లో చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

“లిఫ్టు తలుపు తెరుచుకోంగనే మీ బావ ఎనుకకు జరిగిండు. ఒళ్లంత చెమటలు. నాతోని అయితలేదు లలితా అని మెట్ల మీద కూసున్నడు. లిఫ్టే ఎక్కలేనోడు విమానం ఎట్ల ఎక్కుతడు? ఆయనను ఇడిచిపెట్టి నేనెట్ల రావాలె?”

మళ్లీ నువ్వే, “నీ పనే గది గదా సరితా, ఇరుకు జాగను పెద్దగ చూపిస్తరంటివి. మాకు గూడ ఏమన్న ఉపాయం చెప్పు” అన్నావు.

అవును, నా పని అదే. ఇక్కడ పెద్ద షెడ్డులో విమానం లోపలి భాగాన్ని అచ్చంగా కట్టిపెట్టారు. సీట్లు, కిటికీలు, సామాను అరలు అన్నీ ఉంటాయి. మామూలు మనుషులను పిలిచి కూర్చోబెట్టి, లైట్లు మార్చి, ఎలా అనిపిస్తోందని అడుగుతాం. నడినెత్తి మీద మాత్రమే వెలుగు పడితే మూలలు చీకటై గోడలు దగ్గరికి జరిగినట్టుంటాయి. దీపాలను అరల వెనక దాచి, లేత నీలం వెలుగును కప్పు మీదికీ పక్క గోడల మీదికీ పారిస్తే కప్పు పైకి లేచినట్టు, నడిచే దారి వెడల్పయినట్టు ఉంటుంది. “ఇది ఇందాకటి విమానమేనా?” అని అడుగుతారు. నిజానికి అంగుళం కూడా మారదు.

ఆ ధైర్యంతోనే మీ గదిలో ట్యూబ్‌లైటు ఆర్పి, బీరువా మీద బల్బు దీపం దాచి పైకి తిప్పమన్నాను. నువ్వు అలాగే చేశావు. బావ గుమ్మంలోనే నిలబడి చూసి, “మంచిగనే ఉన్నది. కాని కప్పు ఆడ్నే ఉన్నది గదా. పడితే ఆడికెల్లే పడ్తది” అన్నాడట.

అయినా, మంచి లైట్లున్న విమానం చూసి టికెట్ తీస్తే ఎలాగోలా కూర్చుంటాడేమో అనుకున్నాను. పోయిన వారం ఆ ఆశ కూడా పోయింది. లైట్ల పరీక్షకు నీ వయసున్న ఒకామె వచ్చింది. తలుపు మూసి వెలుగు తగ్గించగానే ఊపిరి ఆడటం లేదంటూ లేచి నిలబడింది. నేను గబగబా నీలం వెలుగు వేశాను. కప్పంతా తెల్లగా చేశాను. తెల్లవారుతున్నట్టుండే వెలుగు కూడా వేశాను. ఆమె చూస్తేగా? కళ్లు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లుగా నేర్చుకున్నదంతా మూసిన ఆ రెప్పల బయటే ఆగిపోయింది. చివరికి తలుపు తీసి బయటికి నడిపించాను. ఆమె షెడ్డు నేల మీదే కూలబడింది. నేనూ పొట్ట పట్టుకుని పక్కన కూర్చున్నాను. తేరుకున్నాక, “మీ లైట్లు బాగున్నాయి, ఏమీ అనుకోకండి” అంటూ నన్నే మన్నించమంది. నాకు ఏడుపొచ్చింది.

అక్కడ తలుపు తీయగలిగాను. గాల్లో ఎవరు తీస్తారక్కా?

అందుకే బావను ఇక బలవంతం చేయకు. ఆయనను వదిలి నువ్వూ రాకు. ఆయన కోప్పడినా సరే, మనసు డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్లు. ఇక్కడ దవాఖానలో అన్నీ వాళ్లే చూసుకుంటారు. మా ఆయన పప్పుచారు పెట్టడం నేర్చుకున్నాడు. నాకేం భయం లేదు. కొంచెం ఉందిలే, దానికి నువ్వు మాత్రం ఏం చేస్తావు.

కమాన్‌పూర్ పెద్దమ్మకు, పక్క క్వార్టర్ కాకకు నా దండాలు చెప్పు. చిన్నికి ముద్దులు. మీరిద్దరూ అక్కడి నుంచే నన్ను దీవించండి. వీలైతే నువ్వు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర ఒకటి పోస్టులో పంపు. పుట్టగానే బిడ్డను అందులో చుడతాను.

నీ చెల్లె,
సరిత